ఊరి వాటా సీసా

ఆగండి. ఒక్క నిమిషం ఫోన్ పక్కన పెట్టి ఇది వినండి. మీ మాట చివర్లో చెబుదురు గాని, మధ్యలో మాత్రం లేవొద్దు. ఎందుకంటే ఈ కథంతా ఒక సీసా మీద నడుస్తుంది. అది ఎప్పుడు నిండిందో, ఎప్పుడు నిండలేదో చూడకపోతే మిగతాదంతా విన్నా లాభం లేదు.

నీలగెడ్డపేటలో సముద్రానికి ఎదురుగా ఒక రేకుల షెడ్డుంది. ఒకప్పుడు అందులో వలలు బాగుచేసుకునేవాళ్లు, వాన పడితే పేకాడుకునేవాళ్లు. ఇప్పుడు దాంట్లో గోడ పొడవునా చెక్క అరలు, అరల నిండా అరచేతి పొడవు గాజు సీసాలు, ప్రతి సీసాలో నీళ్లు. మామూలు నీళ్లలాగే ఉంటాయి. ప్రతి సీసా మెడకీ వల దారంతో అల్లిన ఒక ఉచ్చు ఉంటుంది, వేలికి తగిలించుకుని మోసుకురావడానికి. ఆ ఉచ్చులన్నీ అల్లింది గరికిన ఎర్రమ్మ. ఆ సీసాలన్నీ మోసుకొచ్చేది ఆవిడ కూతురు యమున.

అసలు ఈ సీసాల గొడవ మొదలుపెట్టింది యమున తండ్రి దానయ్య. ఊరి పక్కన అణు విద్యుత్ కేంద్రం కట్టే ముందు ఆఫీసర్లు షామియానా వేసి మీటింగు పెట్టారు. వాడిన నీళ్లని శుభ్రం చేసి, శాంపిల్ తీసి, పరీక్షలో బాగుంటేనే సముద్రంలోకి వదుల్తామని చెప్పారు. దానయ్య లేచి మైకు అందుకున్నాడు.

"బావూ, మేం వల లాగినాక సేపని వాటాలేత్తాం. పడవకో వాటా, వలకో వాటా, తెడ్డేసినోడికో వాటా. ఒడ్డున కూకున్న ముసిలోడిక్కూడా కూరకి నాలుగు సేపలెడతాం. మీరు మా సముద్రంలోకి నీల్లొదుల్తానంటన్నారు. ఆ శాంపిలేదో తీత్తారు గదా, అందులో మా వాటా మాకెట్టండి."

జనం నవ్వారు. ఆఫీసర్లూ నవ్వారు. దానయ్య మాత్రం మైకు వదల్లేదు. చివరికి రాసివ్వక తప్పలేదు: ప్రతి ట్యాంకు శాంపిల్లోనూ సగం ఊరిది. ఊళ్లో ఆ నీళ్లని పరీక్ష చేసే యంత్రం లేదు, నిజమే. కానీ సీసా ఊరి చేతిలో ఉందంటే ఎవరైనా ఎప్పుడైనా దాన్ని పట్టుకెళ్లి ఎక్కడైనా పరీక్ష చేయించుకోవచ్చు. కాబట్టి ప్లాంటు ఒకటి చేసి ఇంకొకటి చెప్పలేదు. దానయ్య జ్వరమొచ్చి పోయాడు గానీ ఆ మాట పోలేదు. అతని కూతురు విశాఖపట్నంలో కెమిస్ట్రీ చదివి, అదే ప్లాంటులో షిఫ్ట్ కెమిస్టుగా చేరి, తండ్రి అడిగిన సీసాని తనే వేలికి తగిలించుకుని ఇంటికి తెచ్చేది. ఊరికి దాని మీద ఎంత నమ్మకమంటే, సీసా వచ్చిందా అని అడిగేవాళ్లు గానీ అందులో ఏముందని ఎవరూ అడిగేవాళ్లు కాదు.

ఇక ఆ రోజు సంగతి.

విజయదశమి పొద్దున యమున ట్యాంకుల హాల్లోకి వచ్చేసరికి హాలంతా బంతిపూల వాసన. ముందు రోజే ఆయుధపూజ అయింది. పంపులకి బొట్లు, ప్యానెళ్లకి మామిడాకులు, అందరికన్నా పెద్ద రెంచీకి ఎవరో కనకాంబరాల దండ కూడా వేశారు. ఆపరేటర్ నరహరి స్టీలు డబ్బా మూత తీసి కూర్చున్నాడు. కాకినాడ వైపు మనిషి, వచ్చే వేసవిలో రిటైరవుతాడు.

"రండి యమున గారూ, మా ఆవిడ చేసిన పులిహోరండి. ఇది తినకుండా డ్యూటీ ఎక్కితే అమ్మవారికి కోపమొస్తుందండి."

"అమ్మవారికా, మీ ఆవిడకా?"

"మా ఇంట్లో ఇద్దరూ ఒకటేనండి."

యమున నవ్వుతూ ఫ్రిజ్ తెరిచి ఊరి సీసా తీసుకుంది. నిన్న ఒకటో ట్యాంకులోంచి తనే తీసిన శాంపిల్, తనే పరీక్ష చేసింది, బాగుంది. ఉచ్చుని చూపుడు వేలికి తగిలించుకుంది.

"ట్యాంకు వదిలారా నరహరి గారూ?"

"తెల్లారేసరికి ఖాళీ చేసేశానండి. వాల్వుకి పచ్చ బిళ్ల ఉందని చూసుకునే తిప్పాను."

యమున చూపు అలవాటుగా ట్యాంకుల పక్కనున్న గాజు గొట్టాల మీదికి వెళ్లింది. లోపల నీళ్లెంతున్నాయో ఆ గొట్టాల్లో కనిపిస్తుంది. ఒకటో ట్యాంకు గొట్టం నిండుగా ఉంది. రెండోది ఖాళీ.

ఆమె మళ్లీ చూసింది. దగ్గరికెళ్లి గొట్టం మీద వేలితో కొట్టి చూసింది. నరహరి డబ్బా మూత చేత్తో పట్టుకునే లేచి నిలబడ్డాడు.

"ఏంటండీ?"

"నరహరి గారూ, మీరు వదిలింది రెండో ట్యాంకు."

"లేదండి బాబూ, పచ్చ బిళ్ల..." అంటూ ఆయన వాల్వు దగ్గరికి పరిగెత్తాడు. రెండో ట్యాంకు వాల్వు పిడికి పచ్చ బిళ్ల వేలాడుతోంది. ఒకటో దానికి ఎర్ర బిళ్ల. పక్కనే ఉండాల్సిన నంబర్లు కనపడకుండా పసుపు పూసి, పైన బంతి దండ చుట్టారు.

యమునకి నిన్నటి పూజ మొత్తం ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది. బొట్టు పెట్టడానికి అడ్డమని వాల్వుల పిడుల నుంచి బిళ్లలు తీసింది తనే. వాటిని పళ్లెంలో పసుపు గిన్నెకి ఇటొకటి అటొకటి పెట్టింది. ఎటు తీసినవి అటే ఉన్నాయి కదా అనుకుంది. ఆ పళ్లెం పట్టుకుని అందరూ ట్యాంకుల చుట్టూ ప్రదక్షిణ చేశారు. అవతలి వైపు నుంచి చుట్టి వచ్చి, పళ్లెంలో కుడి పక్కది కుడి వాల్వుకీ ఎడమ పక్కది ఎడమ వాల్వుకీ తగిలించేసింది. కానీ ప్రదక్షిణ మధ్యలో పళ్లెం చేతులు మారింది. చేతులు మారినప్పుడు పళ్లెమూ తిరిగింది.

"నేనేనండి," అంది. "బిళ్లలు మార్చింది నేనే."

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, లేకపోతే ఆమె ఎందుకంత భయపడిందో మీకు తెలియదు. ప్లాంటు నీళ్లలో ఉండే ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం నీళ్లలో కలిసిన మురికి లాంటిది కాదు, అది నీళ్ల రూపంలోనే ఉంటుంది. ఉప్పుని నీళ్లలోంచి తీయొచ్చు. నీళ్లలోంచి నీళ్లని ఏ జల్లెడతో తీస్తారు? డాక్టర్ సుభాషిణి తయారుచేసిన నాచు తీస్తుంది. ట్యాంకులో చిటికెడు వేస్తే, మామూలు నీళ్లని వదిలేసి ఆ బరువు నీళ్లనే వెతికి వెతికి తాగుతుంది, ఒంట్లో దాచుకుంటుంది, ఉబ్బి పచ్చగా మెరుస్తుంది. ప్లాంటులో అందరూ దాన్ని మింగుడు నాచు అంటారు. తాగడం పూర్తయ్యాక ట్యాంకులోకి ఆవిరి పంపి దాన్ని ఉడకబెట్టి చంపుతారు, వడగట్టి డ్రమ్ముల్లో మూసేస్తారు, మిగిలిన నీళ్లలో బతికున్న కణం ఒక్కటి కూడా లేదని శాంపిల్లో చూస్తారు. అప్పుడే పచ్చ బిళ్ల.

రెండో ట్యాంకు ఇంకా ఉడకలేదు. అందులో నాచు బతికే ఉంది, కడుపు నిండా తాగి ఉంది.

పొడవైన కొక్కేనికి ఒక కొత్త సీసాని ఉచ్చుతో తగిలించి, రెండో ట్యాంకు మూతలోంచి లోపలికి దించింది యమున. అడుగున మిగిలిన నీరు కాస్త పైకొచ్చింది. పచ్చగా ఉంది.

*

సుభాషిణి పండగ రోజు కూడా ల్యాబ్‌లోనే ఉంది. తెనాలి మనిషి, యాభై దాటాయి, నెరిసిన జుట్టుని పెన్నుతో ముడేసుకుంటుంది. గాజు జాడీల్లో నాచు విత్తనానికి మేత పోస్తోంది.

"రామ్మా. ఊరంతా గుడికెళ్తే నేను దీని పాకలో పడి ఉన్నాను. పాడి గేదెకైనా పండగ పూట ఎవరో ఒకరు సాయమొస్తారు. దీనికి నేనే దిక్కు."

యమున ఆ పచ్చ నీళ్ల సీసా బల్ల మీద పెట్టింది. జరిగింది చెప్పింది. సుభాషిణి చేతిలో మేత గరాటు అలాగే ఉండిపోయింది.

"ఎవరికైనా చెప్పావా?"

"మీకే మొదట. ఇప్పుడు అణు భద్రతా మండలికి ఫోన్ చేయాలి మేడం."

"కూర్చో ముందు." ఆవిడే స్టూలు లాక్కుని కూర్చుంది. "ఉప్పునీళ్లలో అది బతకదమ్మా. నేనే పరీక్ష చేశాను. కాసేపట్లో వాడిపోతుంది."

"ఎక్కడ చేశారు మేడం?"

"ఇక్కడే. బీకర్లో."

"సముద్రం బీకరు కాదు కదా."

సుభాషిణికి కోపం వచ్చింది, కానీ ఆ కోపం నిలబడలేదు. ఆవిడ సీసాలోని పచ్చటి నీళ్లని ఒక గాజు గ్లాసులోకి వంచింది. ల్యాబ్‌లో ఒక కుళాయికి సముద్రం నీళ్లొస్తాయి, ఆ నీళ్లు గ్లాసు నిండా పట్టి కిటికీలో ఎండకి పెట్టింది. ఖాళీ అయిన సీసాని కూడా అదే నీళ్లున్న తొట్టిలో పడేసింది. ఉప్పు తగిలి చస్తుందని.

"చూద్దాం. రిపోర్టు చేయడానికి రూల్లో సాయంత్రం దాకా టైముంది. ఈలోపు బోటు పంపి, సముద్రంలోకి నీళ్లు వదిలే గొట్టం మూతి దగ్గర నీళ్లు తెప్పిద్దాం. ఏమీ లేదని తేలితే అదే రాద్దాం. ఏమీ తెలియకుండా ఏమని చెబుతావు నువ్వు?"

"తెలియదని చెబుతాను."

"అది రిపోర్టా?"

"మేడం, మధ్యాహ్నం గంగమ్మకి కొబ్బరికాయ కొట్టగానే మా ఊరి పడవలన్నీ దిగుతాయి. పండగ రోజు కొత్త వలలు మొదట వేసేది మన గొట్టం మూతి దగ్గరే. అక్కడ నీళ్లు వెచ్చగా ఉంటాయి, చేపలు అక్కడే చేరతాయి. మా అన్నయ్య పడవ అందరికన్నా ముందుంటుంది. రూలు సాయంత్రం దాకా ఆగుతుంది. పడవలు ఆగవు."

సుభాషిణి జాడీల వైపు చూసింది. "పర్మిట్లో షరతు నీకు తెలుసు. బతికున్న నాచు బయటికి పోయిందన్న అనుమానం వచ్చినా సరే, మొత్తం చంపేయాలి. విత్తనంతో సహా. ప్రపంచంలో ఇంకెక్కడా లేదమ్మా ఇది. దీని కోసం ఎన్ని ప్లాంట్లు నీళ్లు నిల్వపెట్టుకుని ఎదురుచూస్తున్నాయో నీకు తెలుసు. నా జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాను."

యమునకి ఆ జాడీల ముందు తల ఎత్తడం కష్టమైంది. ఈ ఉద్యోగంలో తనకి పని నేర్పింది ఈవిడే. తన మొదటి జీతం రోజు జున్ను చేసి పట్టుకొచ్చింది కూడా ఈవిడే.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ నరహరి నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు.

"ఒక్క మాటండి. యమున గారి వేలికి నిండు సీసా ఉంది కదండీ. అవి మంచి నీళ్లే, పరీక్ష కూడా అయిపోయింది. అదే పట్టుకెళ్లి ఊళ్లో అరలో పెట్టేస్తే సరిపోద్దండి. అబద్ధం చెప్పక్కర్లేదు, ఎవరూ అడగరు కూడా. ఇక్కడ ఒకటో ట్యాంకు నీళ్లని రెండో దాంట్లోకి తోడేస్తే గాజు గొట్టాల్లో మట్టం కూడా సరిపోద్దండి."

అంత తేలిక అది. సీసా నిండి ఉంది, చీటీ అతికించి ఉంది, సంతకం పెట్టి ఉంది. కొత్తగా చేయాల్సిన తప్పేమీ లేదు, రోజూ వెళ్లినట్టు ఇంటికి వెళ్లడమే.

యమున వేలి నుంచి ఆ ఉచ్చు తీసి, సీసాని నరహరి చేతిలో పెట్టింది.

"ఇవి సముద్రంలోకి పోయిన నీళ్లు కాదు నరహరి గారూ. ఇంకా ట్యాంకులోనే ఉన్న నీళ్లు. ఫ్రిజ్‌లో పెట్టేయండి. మీరేం భయపడకండి, బిళ్ల చూసే కదా తిప్పారు. ఆ మాట కూడా చెబుతాను."

ఫోన్ తీసింది. సుభాషిణి ఆపలేదు. అటు డ్యూటీ ఆఫీసరు గొంతు పండగ పూట కాస్త మందంగా ఉంది.

"శాంపిల్ లేకుండా విడుదలా? ఎంత నీరు?"

"ఒక ట్యాంకు నిండా సార్."

"రేడియోధార్మికత ఎంత?"

"తెలియదు సార్."

"అంచనా చెప్పండి, రాసుకుంటాను."

"అంచనా చెప్పను సార్. మీరు రాసుకుంటే రేపు అది లెక్కయిపోతుంది."

"మరి మీకు తెలిసిందేమిటమ్మా?"

"శాంపిల్ తీయకుండా వదిలేశామని తెలుసు. అందులో నాచు బతికి ఉందని తెలుసు. బిళ్లలు తారుమారు చేసింది నేనేనని తెలుసు. మిగతావి తెలిసేదాకా ఈ తీరంలో వేట ఆపించండి."

అటు వైపు కుర్చీ జరిగిన చప్పుడు. ఆ గొంతులో మందం పోయింది. "మీ పేరు?"

"గరికిన యమున."

యమున ఫోన్ పెట్టేసింది. సుభాషిణి కిటికీ దగ్గరికెళ్లింది. గ్లాసులో నాచు నిజంగానే వాడి, అడుగున గోధుమరంగు మడ్డిలా దిగింది. ఆవిడ ముఖంలో ఒక వెలుగు. "చూశావా, చెప్పాను కదా," అనబోయి తొట్టి వైపు తిరిగింది. అక్కడే ఆగిపోయింది.

"యమునా. ఇటు రా."

సీసా గాజు శుభ్రంగా ఉంది. దాని మెడకి ఎర్రమ్మ అల్లిన ఉచ్చు మాత్రం దట్టంగా, మెత్తగా, మెరుస్తూ పచ్చగా ఉంది. ఒక్కో ముడి చుట్టూ నూగు కట్టింది. తొట్టిలో వేసినప్పటికన్నా ఎక్కువే ఉంది.

"నైలాను," అంది సుభాషిణి. "గాజు మీద నిలవలేక చచ్చింది. పట్టు దొరికిన చోట బతికింది. నేను వల దారంతో ఎప్పుడూ పరీక్ష చేయలేదమ్మా. నాకు తట్టనే లేదు."

సముద్రం అంత పెద్దది, చెంచాడు విషం ఏం చేస్తుందిలే అంటారు చాలామంది. సముద్రం పలచన చేస్తుంది, నిజమే. కానీ ఈ నాచు పని పలచనైనదాన్ని మళ్లీ ఏరి పోగుచేయడం. వలల్ని పట్టుకుంటే అది వలలతోనే ఊళ్లోకి వస్తుంది, ఆరేసిన ఇసుకలోకి వస్తుంది, దాన్ని మేసిన చేపతో కంచంలోకి వస్తుంది.

యమున ఆ ఉచ్చునే చూస్తోంది. "మేడం, వల దారాన్ని అంతగా పట్టుకుంటుందంటే, వల వేస్తే దొరుకుతుంది కదా?"

సుభాషిణి జుట్టులోంచి పెన్ను లాగి, బల్ల మీదున్న కాగితం మీద గొట్టం మూతి, పోటు దారి, వాటి చుట్టూ ఒక అర్ధచంద్రం గీసింది. "ప్లాంటు దగ్గర వలలెక్కడివి?"

"మా ఊళ్లో ఉన్నాయి. అడుగుతాను. అడిగే ముందు ఏం జరిగిందో చెప్పాలి."

అట్టపెట్టెలోంచి ఇంకో కొత్త సీసా తీసింది. తేదీ, రెండో ట్యాంకు అని చీటీ రాసి అతికించింది. ఖాళీగానే వేలికి తగిలించుకుంది.

*

నీలగెడ్డపేట ఒడ్డున పడవలన్నీ వరసగా ఉన్నాయి, ముక్కులకి పసుపు రాసి, కుంకం పెట్టి, వేపమండలు కట్టి. డప్పులు మోగుతున్నాయి. యమున అన్న చిన్నారావు కొత్త వలని పడవలోకి మడతలేస్తున్నాడు. ఆ వల అంచు తాడంతా ఎర్రమ్మ కూర్చుని కుట్టింది, వానాకాలమంతా అదే పని.

ఎర్రమ్మ కూతుర్ని చూసి కొంగుతో చేతులు తుడుచుకుంది. "వొచ్చినావేటే గుంటా. ఆ సీసా అరలో ఎట్టీసి రా, పాయసం సల్లారిపోతంది." తర్వాత సీసాని చూసింది. "ఏటే, నీల్లేవీ?"

"నీల్లు సముద్రంలోకెల్లిపోనాయమ్మా," అంది యమున. ఊళ్లో అడుగుపెడితే ఆమెకి ఊరి మాటే వస్తుంది. "మన వాటా తియ్యకుండానే ఎల్లిపోనాయి."

డప్పులు ఒక్కొక్కటే ఆగాయి. యమున పడవ అంచు మీద చెయ్యేసి, ఉన్నదున్నట్టు చెప్పింది: పసుపు పళ్లెం, తారుమారైన బిళ్లలు, ఉడకని నాచు, పచ్చబడ్డ ఉచ్చు. సముద్రం ఎన్నాళ్లు మూస్తారో తనకి తెలియదని కూడా చెప్పింది.

సూరయ్య అనే పొరుగు పడవవాడు చుట్ట తీసి ఇసుకలో గుచ్చాడు. "పట్నం ఎల్లి సదివింది. మా మేక ఏటీ సదవనేదు, పచ్చగడ్డేదో ఎండుగడ్డేదో తెలుసు దానికి."

కొందరు నవ్వారు. ఆ నవ్వులో ఎవరికీ సరదా లేదు.

"నిజమే బాబాయ్," అంది యమున. "మేకకి తెలిసింది నాకు తెలీనేదు. తప్పు నాదే. కానీ ఇప్పుడు మీ కాడికి ఇంకోటడగడానికొచ్చినాను. వలలు కావాల. సేపలకి కాదు, నాచుకి. గొట్టం మూతికాడ సుట్టూ ఏసి, అది పట్టుకున్నాక లాగాల. తొడుగులు, బట్టలు ప్లాంటోల్లిత్తారు. కానీ పోయిన వల మల్లీ రాదు. డ్రమ్ముల్లో ఏసి మూసీడమే."

చిన్నారావు వల వదిలి పడవ దిగాడు. "ఏటే, ఏటంతన్నావు? ఈ వల ఇంకా నీల్లు సూడనేదు."

"తెలుసన్నయ్యా."

"నువ్వు నోరు మూసుకునుంటే సరిపోను గదే. ఎవుడికి తెలుత్తాది? సీసా నింపుకొచ్చీసుంటే సంబరంగా ఎల్లిపోదుం."

"ఎల్లిపోదువు. ఎల్లి అక్కడే వలేద్దువు. సాయంత్రం ఆ వల తెచ్చి మనింటి ముందర ఆరేద్దువు. నీ కూతురు దాని మీద ఆడుకునును."

జనం ఎటూ తేల్చుకోలేక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎర్రమ్మ ముందుకొచ్చి చెయ్యి చాచింది.

"ఆ సీసా ఇటియ్యే."

ఖాళీ సీసా తీసుకుని షెడ్డులోకి నడిచింది. వెనకే అందరూ నడిచారు. చివరి సీసా పక్కన చోటు చూసి, దాన్ని నిలబెట్టి, తన నుదుటి మీది కుంకం వేలికి తీసుకుని ఆ గాజు మీద బొట్టు పెట్టింది.

"మీ అయ్య ఆ రోజు మైకట్టుకుని అడిగినాడే, నీల్ల కోసం అడిగినాడనుకున్నావా? ఈ నీల్లతో మనకేటి పని, తాగుతామా? ఆల్లకి తెలిసింది మనకీ తెలవాలని అడిగినాడు. తెలిసింది. ఇదీ మన వాటాయే." కొడుకు వైపు తిరిగింది. "అంచు కుట్టింది నాను. నా ఏల్లింకా ఉన్నాయి. మల్లీ కుడతాను. తియ్యి పడవ."

చిన్నారావు చాలాసేపు వల వైపే చూశాడు. తర్వాత చెల్లెలి ముఖం చూడకుండానే, "తిట్టడానికి సాయంత్రం టైముంటాది. పోటు తిరిగిపోతే దొరకదు, ఎక్కండి," అన్నాడు.

సూరయ్య చుట్ట ఇసుకలోంచి పీక్కున్నాడు. "నా వల పాతదే. సిరుగులున్నాయి. పర్లేదా నీ నాచుకి?"

"పర్లేదు బాబాయ్."

"మా మేకనడిగి సెప్పు."

ఈసారి నవ్వు నిజంగానే వచ్చింది.

*

ఆ మధ్యాహ్నం నీలగెడ్డపేట పడవలు చేపల్లేని వేటకి వెళ్లాయి. ప్లాంటు వాళ్లిచ్చిన తెల్ల బట్టల్లో, మోచేతుల దాకా రబ్బరు తొడుగుల్లో అందరూ ఉక్కతో ఉడికిపోయారు. సుభాషిణి మొట్టమొదటిసారి పడవెక్కింది, రెండుసార్లు వాంతి చేసుకుంది, అయినా కాగితం వదల్లేదు. గొట్టం మూతి చుట్టూ ఒక వరస, దాని వెనక ఇంకో వరస, అందరికన్నా వెలుపల చిన్నారావు కొత్త వల.

పొద్దు వాలుతుంటే లాగారు. లోపలి వరస వలలు గోంగూర నూరి పూసినట్టు వచ్చాయి. రెండో వరసకి అక్కడక్కడా నూగు. కొత్త వల పైకొస్తుంటే అందరూ వంగి చూశారు. ఎర్రమ్మ కుట్టిన అంచు తాడు మొదటి నుంచి చివరి దాకా తెల్లగా వచ్చింది. ఒక్క చోట, ఒక్క ముడి మీద, గోరంత పచ్చన.

"ఈ ముడి కోసేత్తే?" అన్నాడు చిన్నారావు. ఆశగా అడిగాడు.

యమున తల అడ్డంగా ఊపింది. అతను ఇంకేమీ అడక్కుండా వల మొత్తాన్ని తనే డ్రమ్ములోకి మడతలేశాడు, పొద్దున పడవలోకి వేసినంత జాగ్రత్తగా. మూత బిగించే ముందు కాస్త ఆగాడు. తర్వాత బిగించాడు.

ఆ తర్వాత జరిగినవేవీ పండగలా జరగలేదు. సముద్రం మూశారు. వేటకి మంచి రోజుల్లో మగాళ్లు ఇసుకలో కూర్చుని యమున వస్తుంటే మాట మార్చేవాళ్లు, కొందరు మార్చకుండానే తిట్టేవాళ్లు. ప్లాంటులో విచారణ జరిగింది. యమునని షిఫ్ట్ నుంచి తప్పించారు. నీళ్లు, ఇసుక, చేపలు అన్నీ పరీక్ష చేశారు, వెలుపలి వలకి అవతల ఏమీ దొరకలేదు. దాంతో ఇంకో గొడవ మొదలైంది. అసలు ఏమీ అయ్యేది కాదు, ఆ పిల్ల తొందరపడి అందరి కడుపు కొట్టిందని ఒకరు, ముందే చెప్పబట్టే ఏమీ కాలేదని ఇంకొకరు. ఎవరి మాట నిజమో తేల్చడానికి నీళ్లు వదలకముందు తీసిన ఆ ట్యాంకు శాంపిల్ ఉండాలి. అది లేదు, ఎప్పటికీ రాదు.

జాడీల్లోని విత్తనాన్ని చంపమని ఉత్తర్వు వచ్చిన రోజు సుభాషిణి ఇంకెవరినీ వాల్వు ముట్టుకోనివ్వలేదు. యమున పక్కన నిలబడింది. ఆవిరి లోపలికి పోతుంటే పచ్చదనం ముందు లేతబడి, తర్వాత బూడిదరంగుకి తిరిగింది.

"నన్ను తిట్టండి మేడం," అంది యమున.

"తిట్టాలనే ఉందమ్మా. తర్వాతెప్పుడైనా తిడతాను." సుభాషిణి వాల్వు చివరి దాకా తిప్పి, కళ్లద్దాల మీది ఆవిరి తుడుచుకుంది. "విత్తనం పోయింది. ఎలా చేశానో ఆ దారి పోలేదు. మళ్లీ మొదలుపెడతాను, ఈసారి వల దారంతో సహా పరీక్ష చేస్తాను. మీ అమ్మని అడిగి ఒక ఉండ పట్టుకురా."

ప్లాంటు ఇప్పుడు నీళ్లని నాచు లేని పాత పద్ధతిలో, పలచన చేసి నెమ్మదిగా వదులుతోంది. శాంపిళ్లు వేరే కెమిస్టు తీస్తున్నాడు. సీసా మాత్రం యమునే తేవాలని ఊరు పట్టుబట్టింది. అలా పట్టుబట్టినవాళ్లలో మొదటివాడు సూరయ్య. ఇప్పుడు సీసా వస్తే ఊళ్లో వాళ్లు దాన్ని వెలుగుకి ఎత్తి చూస్తారు, చీటీ చదివించుకుంటారు, ఏ ట్యాంకుదని అడుగుతారు. యమునకి అది మొదట్లో కాస్త గుచ్చుకునేది. ఇప్పుడు అడక్కపోతే తనే నిలబెట్టి చెబుతోంది.

ఆ షెడ్డుకి మీరెప్పుడైనా వెళ్తే చూడండి. నిండు సీసాల వరసలో ఒక్కటే ఖాళీ సీసా ఉంటుంది, గాజు మీద ఎండిన కుంకం బొట్టుతో. ఎర్రమ్మ దాన్ని రోజూ తుడుస్తుంది, బొట్టు మాత్రం చెరపదు.

సరే, విన్నారు కదా. ఇప్పుడు మీ మాట చెప్పండి. ఆ పొద్దున ఒక సీసా నిండుగా, సంతకంతో సహా వేలికి తగిలించి ఉంది, ఇంకో సీసా ఖాళీగా పెట్టెలో ఉంది, అవతల ఒడ్డున మీ అన్న పడవ ఎక్కబోతున్నాడు. తప్పు మీదే, తెలిసిన ఇద్దరూ బయటపెట్టరు. మీరైతే ఏ సీసా పట్టుకుని ఇంటికి వెళ్లేవారు?